రెండొందల డాలర్ల గాలం

"చేపలు పట్టడానికి రాడ్డు కొన్నాను నాన్నా" అని ఫోన్లో చెప్పగానే మా నాన్న అడిగిన మొదటి మాట "ఎంత?" డెబ్భై డాలర్లన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. రూపాయల్లోకి మారుస్తున్నాడని అర్థమైంది. "గాలానికా?" అన్నాడు చివరికి.

డెబ్భై అన్నది అబద్ధం కాదు. కాకపోతే అది మొదటి నెల లెక్క. ఏడాది తిరిగేసరికి అది ఐదొందలు దాటింది, అందులో సగం దండగ. ఆ దండగ ఎలా అయిందో చెబితే ఇంకెవరికైనా మిగులుతుందని రాస్తున్నాను. ఈ మధ్య మా ఆఫీసులోనే ఇద్దరు తెలుగువాళ్ళు "బ్రో, ఫ్లై ఫిషింగ్‌కి ఏం కొనాలి?" అని అడిగారు. పురుగులా కనిపించే ఉత్తుత్తి ఎరని ఫ్లై అంటారు, దాంతో చేపలు పట్టడమే ఫ్లై ఫిషింగ్. ఇద్దరికీ నిలబడి అరగంట చెప్పే ఓపిక లేకపోయింది.

మేముండేది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌కి పడమర పక్క లేక్‌వుడ్‌లో. ఇక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు కొండల వైపు పోతే గోల్డెన్ అనే చిన్న ఊరు, దాని మధ్యలోంచి క్లియర్ క్రీక్ అనే ఏరు. రోడ్డు ఏటి పక్కనే పోతుంది. కారులో వెళ్తున్నప్పుడల్లా మోకాళ్ళ లోతు నీళ్ళలో ఎవరో ఒకరు నిలబడి పచ్చటి దారాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఊపుతూ కనిపించేవాళ్ళు. నాకు చేపలు పట్టడం కొత్త కాదు. పుట్టింది కోనసీమలో, ఇంటి ముందే కాలవ. వెదురుకర్ర, నైలాను తీగ, బెండు, గాలం, పెరట్లో తవ్విన ఎర్ర. మట్టగిడసలు, జెల్లలు, పరిగెలు ఎన్ని పట్టానో లెక్కలేదు. ఇదెంతలే అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఆన్‌లైన్‌లో ఒక కిట్టు కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. డెబ్భై డాలర్లకి రాడ్డు, రీలు, లైను, ఒక పెట్టెలో నలభై ఫ్లైలు, భుజానికి తగిలించుకునే సంచీ. నాలుగున్నర నక్షత్రాల రేటింగు. పెట్టె విప్పిన రోజు మా అబ్బాయి కంటే నేనే ఎక్కువ గంతులేశాను.

ఆదివారం ఏటి దగ్గరికి పోయి విసిరితే లైను పదిహేను అడుగులు కూడా పోలేదు. పోయినంత మేరా నీళ్ళ మీద పాత ల్యాండ్‌లైన్ ఫోను వైరులా చుట్టలు చుట్టలుగా తేలుతూ కూర్చుంది. దాని పైన కుప్పగా లీడరు, అంటే లైను కొసన కట్టే సన్నటి తీగ, కుప్ప మధ్యలో ఎక్కడో ఫ్లై. వారం వారం అదే తంతు. నాకు చేతకావడం లేదనే అనుకున్నాను. యూట్యూబ్‌లో వీడియోలు చూసి మణికట్టు తిప్పాను, తిప్పకుండా చూశాను, నిలబడే తీరు మార్చాను. మా ఆవిడ "ఇండియా వెళ్ళినప్పుడు కాలవలో పట్టుకుందురుగానిలెండి" అంది. ఓదార్పో వెక్కిరింతో ఇప్పటికీ తెలీదు.

రెండు నెలల తర్వాత, రాడ్డు మార్చాలని నిర్ణయించుకుని, గోల్డెన్‌లో ఫ్లై షాపుకి వెళ్ళాను. కౌంటర్ వెనక ఒక పెద్దాయన. నా సరంజామా తీసి చూపించాను. ఆయన రాడ్డు వంక చూడనే లేదు. రీల్లోంచి రెండు గజాల లైను లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి జారుస్తూ పోయాడు, మన బట్టల కొట్లో ఆడవాళ్ళు చీర అంచు పట్టి చూస్తారే, అలాగ. తర్వాత షాపు వెనక గడ్డిలోకి తీసుకెళ్ళి, నా రాడ్డుకే తన దగ్గరున్న వేరే రీలూ లైనూ తగిలించి విసిరాడు. నలభై అడుగులు. ఏ హడావుడీ లేకుండా, దారం గాల్లో చాచుకుని, చివర ఫ్లై ఈకలా దిగింది. నా డెబ్భై డాలర్ల రాడ్డుతో!

రాడ్డు పర్వాలేదు, లైను మార్చుకో అన్నాడు. గోడకి వెయ్యి డాలర్ల రాడ్లు వేలాడుతున్నాయి. నేను డబ్బు ఖర్చుపెట్టడానికే వచ్చాను. అయినా ఆ మాటే అన్నాడు.

ఇందులో కిటుకంతా అక్కడే ఉంది. మన గాలానికి బరువు చివర ఉంటుంది. సీసం గుండో, ఎరో, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఒక కొక్కెం, దానికి చుట్టిన ఈకా దారమూ. దాన్ని విసిరితే ఎక్కడికీ పోదు, ఊదితే పోతుంది. అందుకని ఇక్కడ బరువు లైనులోనే ఉంటుంది. లైను బరువుకి రాడ్డు విల్లులా వంగుతుంది, ఆ వంపు విడిచినప్పుడు లైను ముందుకు పరిగెడుతుంది, ఫ్లై దాని వెనకాల ఊరికే వెళ్తుంది. రాడ్డు మీద "5 వెయిట్" అని రాసి ఉంటే అది రాడ్డు బరువు కాదు, దానికి వెయ్యాల్సిన లైను బరువు. 5 వెయిట్ లైను మొదటి 30 అడుగులూ 140 గ్రెయిన్లు తూగాలి అని ఒక ప్రమాణం ఉంది. గ్రాముల్లో తొమ్మిది. రెండు చెంచాల పంచదార అనుకోండి. రాడ్డుని వంచేది ఆ రెండు చెంచాల బరువే. నాకొచ్చిన లైను మీద 5 అని ముద్ర ఉంది కానీ పెద్దాయన చేతిలోనే తేలిపోయింది, అది అంత తూగదని. పైగా పైపూత గట్టిపడిపోయి చుట్టలు విడవదు.

యాభై డాలర్లు పెట్టి మంచి లైను కొన్నాను. డబ్బా మీద డబ్ల్యూ ఎఫ్ 5 ఎఫ్ అని ఉంటుంది. ముందు భాగంలో బరువెక్కువ, 5 వెయిట్, నీళ్ళ మీద తేలుతుంది, అంతే దాని అర్థం. మొదటిసారి కొనేవాళ్ళకి ఇది చాలు. ఇంకాస్త పిసినారులకి ఇంకో రకం ఉంది, డబుల్ టేపర్ అని. దాని రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. ఒక కొస అరిగాక ఊడదీసి తిరగేసి చుట్టుకోవచ్చు, దుప్పటి తిరగేసి కప్పుకున్నట్టు. చిన్న ఏళ్ళలో దగ్గర దగ్గర విసిరేవాళ్ళకి అది బాగానే పనిచేస్తుంది.

ఇలా లైను మారింది కానీ చేప మాత్రం వెంటనే పడలేదు, ఎందుకంటే అప్పటికి జూన్. కొండల మీద మంచు కరిగి ఏరు బురదగా, పిచ్చిగా పారుతుంది. గోదావరి జిల్లావాడికి క్యూసెక్కులు కొత్తగా నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక అని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఇక్కడ యూఎస్‌జీఎస్ అనే ప్రభుత్వ సర్వే సంస్థ వాళ్ళు ఏటి గేజీల లెక్కలు ఎప్పటికప్పుడు ఫోన్లోనే చూపిస్తారు, ఉచితం. క్లియర్ క్రీక్ గోల్డెన్ దగ్గర రెండొందల క్యూసెక్కుల లోపు దిగేదాకా నేను కాలు పెట్టను. పది లక్షలు చూసినవాడికి రెండొందలు నవ్వులాటగా అనిపిస్తుంది కానీ, కొండ వాలులో గుండ్రాళ్ళ మీద మంచునీళ్ళు మోకాలికి తగిలితే తెలుస్తుంది.

కాబట్టి ఆ నెలంతా మా కాంప్లెక్సు పక్క పార్కులో, గడ్డి మీద. కొక్కెం బదులు లీడరు చివర మా అమ్మాయి క్రాఫ్ట్ డబ్బాలోంచి తీసిన ఎర్ర ఊలు ముక్క. పెద్దాయన చెప్పింది ఒక్కటే: చెయ్యి గడియారం ముల్లు అనుకో, వెనక్కి ఒంటిగంట దగ్గర ఆగు, ముందుకి పదింటి దగ్గర ఆగు. ఆగడమే కష్టం. మన చెయ్యి ఆగదు. వెనక దారం పూర్తిగా చాచుకోకముందే ముందుకి లాగామో, చెర్నాకోల ఛెళ్ళుమన్నట్టు శబ్దం వస్తుంది. ఎద్దుల బండి చెర్నాకోల చప్పుడు చిన్నప్పుడు విన్నవాణ్ణి కనక ఆ తప్పు నాకు చెవితోనే దొరికింది. నిజం ఫ్లై ఉంటే ఆ దెబ్బకి తెగి ఊడిపోతుంది. రోజూ ఆఫీసయ్యాక ఇరవై నిమిషాలు. కుక్కని తిప్పడానికి వచ్చే ఒకావిడ రోజూ ఆగి "పడ్డాయా?" అని అడిగేది. "ఇంకా లేదు" అనేవాణ్ణి.

మూడో వారంలో ఒక సాయంత్రం ఆగాల్సిన చోట చెయ్యి దానంతటదే ఆగింది. దారం తల మీదుగా సన్నటి ఉచ్చులా విప్పుకుంటూ పోయింది. చప్పుడు లేదు. ఊలు ముక్క నేను గురిపెట్టిన ఎండుటాకు పక్కన దిగింది. ఈ సరదా మొత్తంలో నాకు పైసా ఖర్చు లేకుండా వచ్చింది అదొక్కటే.

జూలై చివర, ఒక రాయి వెనకాల నీళ్ళు నెమ్మదించిన చోట, మొదటి ట్రౌటు. ఏడంగుళాలు. బ్రౌన్ ట్రౌటు. వెన్ను ముదురు తేనె రంగు, పక్కల ఎర్రచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత నీలం అంచు. అరచేతిలో పట్టేంత. వీటి గురించి తర్వాత చదివాను. ఇవి ఈ దేశపువి కావు, 1883లో జర్మనీ నుంచి గుడ్లుగా ఓడలో తెచ్చారు. మా ఇంట్లో నలుగురిలాగే బయటినుంచి వచ్చి స్థిరపడినవి. కాకపోతే వీటికి గ్రీన్ కార్డు క్యూ లేదు.

ఇప్పుడు రీలు సంగతి. ఆన్‌లైన్‌లో జనం రీలు గురించే ఎక్కువ కొట్టుకుంటారు. డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని బిగపట్టే బ్రేకు) ఎంత, బేరింగులెన్ని, మెషీన్ చేసినదా పోత పోసినదా అని. ఏడంగుళాల చేపకి రీలుతో పనే పడదు. ఎడమచేత్తో లైను లాక్కోవడమే. రీలు కేవలం దారం చుట్టే బొంగరం. ఇదీ పెద్దాయన మాటే, నేనూ అందరికీ అదే చెప్పుకుంటూ తిరిగాను, ఏడాదిపాటు.

తర్వాత వేసవిలో డెన్వర్ ఊరి మధ్య కాన్‌ఫ్లుయెన్స్ పార్కు దగ్గర, చెర్రీ క్రీక్ సౌత్ ప్లాట్ నదిలో కలిసే చోట, నీళ్ళలో ఒక పెద్ద నీడ కదిలింది. కార్పు. మన చెరువుల్లో పెంచే బంగారు తీగే. ట్రౌటు కోసం కొండలెక్కే జనం దీన్ని చిన్నచూపు చూస్తారు. నాకేమో మేనమామ కనిపించినట్టయింది. ఫ్లై దాని మూతి ముందు పెట్టాను, మింగింది, తిరిగింది, పరుగు. అప్పుడు తెలిసింది డ్రాగ్ అంటే ఏమిటో. నా రీలు ఒకసారి గట్టిగా పట్టుకుంటుంది, ఒకసారి పూర్తిగా వదిలేస్తుంది. చక్రం గిర్రున తిరిగి దారం లోపల్లోపల చిక్కుపడి, టప్పున తెగింది. కాబట్టి పెద్దాయన మాటకి నేను ఒక సవరణ చేసుకున్నాను: ట్రౌటుకైతే బొంగరం చాలు, బంగారు తీగకైతే చాలదు. మీ ఇంటి దగ్గర ఏ చేప ఉందో చూసుకుని కొనండి.

అప్పటికే రాడ్డు కూడా మారిపోయింది. ఆ కథ చిన్నదే. మొదటి ఏడాది సెప్టెంబరులో కారు డిక్కీ మూస్తే కొస లోపల ఉండిపోయింది. తప్పు నాదే. రాడ్లు చేపల వల్ల విరిగేది తక్కువ, కారు తలుపుల వల్ల విరిగేవే ఎక్కువ అని షాపులో నవ్వారు. కొస ముక్క ఒక్కటి అమ్మండి అని కిట్టు కంపెనీకి మూడు మెయిల్సు పెట్టాను. జవాబు లేదు. చవకలో ఉన్న అసలు చిక్కు అదే. విరిగితే ఒక ముక్క కాదు, మొత్తం కొనాలి.

రెండోసారి మాత్రం షాపు వెనక గడ్డిలో నాలుగు రాడ్లు విసిరి చూశాకే కొన్నాను. ఆర్విస్ వాళ్ళ క్లియర్‌వాటర్ విసరడానికి అన్నిటికంటే హాయిగా ఉంది, దానికి ఇరవై ఐదేళ్ళ గ్యారంటీ ఉంది, కానీ సెట్టు ధర నేననుకున్నదానికి రెట్టింపు. ఎకో వాళ్ళదీ, టెంపుల్ ఫోర్క్ వాళ్ళదీ మధ్యరకం ధరలు. విరిగితే కొద్దిపాటి రుసుం కట్టించుకుని బాగుచేసి పంపుతారు. చివరికి రెడింగ్టన్ క్రాస్‌వాటర్ సెట్టు తీసుకున్నాను. పన్నుతో కలిపి రెండొందల చిల్లర. తొమ్మిది అడుగులు, 5 వెయిట్, నాలుగు ముక్కలు. ఆ ధరకి తీసుకోవడానికి కారణం రాడ్డు కాదు. రీల్లో ముందే చుట్టిపెట్టి ఇచ్చే లైను రియో కంపెనీది, వేళ్ళ మధ్య జార్చి చూశాను. ఎవరైనా "ఒక్కటి చెప్పు, ఏం కొనాలి?" అని పీక మీద కూర్చుంటే ఇదే తరహా సెట్టు కొనమంటాను. బ్రాండు ఏదైనా సరే, అందులో లైను ఎవరు చేశారో అడిగి మరీ కొనండి. "ఫాస్ట్ యాక్షన్" అని గొప్పగా రాసి ఉన్న గట్టి రాడ్ల జోలికి ఇప్పుడే పోకండి. అవి వంగడం మన చేతికి తెలీదు. మీడియం ఫాస్ట్ అయితే లైను బరువు ఎప్పుడు అందుకుందో మణికట్టుకి తెలుస్తుంది.

ఒక ముచ్చట. ఆ షాపులో అద్దాల బీరువాలో ఒక రాడ్డు ఉంది, మిగతావాటికంటే ఖరీదు, వెయ్యి ఎప్పుడో దాటింది. ఏంటా అని చూస్తే వెదురుది. చీల్చి, ఆరు పేళ్ళు అతికించి, వార్నిషు కొట్టిన వెదురు. మా ఊళ్ళో వెదురుకర్ర ఎవరి పొద నుంచి కొట్టుకొచ్చినా తిట్లే గానీ డబ్బులు అడిగేవాళ్ళు కాదు.

లీడరు, టిప్పెట్టు గురించి రెండు ముక్కలు. లైను చివర తొమ్మిది అడుగుల సన్నటి నైలాను తీగ ఉంటుంది, చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. అది లీడరు. ఫ్లై మార్చినప్పుడల్లా ముడి వేసి కొస కత్తిరిస్తాం కనక కురచైపోతుంది. నేను మొదట్లో కురచైన ప్రతిసారీ కొత్తది కొన్నాను, ఐదారు డాలర్లు ఒక్కోటి. ఏడు పారేశాక తెలిసింది, టిప్పెట్టు అనే సన్న తీగ చుట్ట ఒకటి కొనుక్కుని ముక్క ముడేసుకుంటే అదే లీడరు నెలల తరబడి వస్తుందని. దాని మీద 4 ఎక్స్, 5 ఎక్స్ అని ఉంటుంది. పదకొండులోంచి ఆ అంకె తీసేస్తే మందం వస్తుంది, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 5 ఎక్స్ అంటే ఆరు. అంకె పెరిగితే సన్నం. ఫ్లై కొక్కేలకీ అంతే, 20 నంబరు కొక్కెం 10 కంటే చిన్నది. ఈ లోకంలో అన్నీ తిరగేసి లెక్కపెడతారు. ఫ్లోరోకార్బన్ అని రెండు మూడు రెట్లు ధర ఉన్న తీగ ఒకటి అంటగడతారు. నీళ్ళ మీద తేలే ఫ్లైకి మామూలు నైలానే మేలు.

కిట్టుతో వచ్చిన నలభై ఫ్లైల్లో ముప్పై ఐదు ఇంకా నా దగ్గర ఉన్నాయి. ఒక చేప కరిస్తే దారం ఊడిపోయి పీచుగా మిగులుతాయి. కొన్నిటి కొక్కేలు వేళ్ళతోనే తెరుచుకుంటాయి. షాపులో ఒక్కోటి మూడు డాలర్ల లోపు. డజను చాలు: పారాచ్యూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్, నీళ్ళలో మునిగేదానికి ఫెజెంట్ టెయిల్, పెద్ద చేపల కోసం ఊలీ బగ్గర్. ఆడమ్స్‌ని 1922లో మిషిగన్‌లో ఒకాయన కట్టాడు, వందేళ్ళు దాటినా ఇప్పటికీ ట్రౌటు దాన్ని చూసి మోసపోతూనే ఉంది. అచ్చంగా ఏ పురుగులాగా ఉండదు. అన్ని పురుగుల్లాగా కొంచెం కొంచెం ఉంటుంది.

"సొంతంగా కట్టుకుంటే మిగులుతుంది కదా" అని ఎవరైనా అంటే నమ్మకండి. నేను నమ్మాను. బిగించే పట్టకారు, దారాలు, కొక్కేలు, పూసలు కొన్నాక ఈకల దగ్గరికొచ్చేసరికి కళ్ళు తిరిగాయి. ఫ్లై చుట్టూ నిక్కబొడుచుకునే ఆ వెంట్రుకలు కోడిపుంజు మెడ ఈకలు. మామూలు పుంజువి పనికిరావు. దీనికోసమే తరతరాలుగా పెంచిన జాతులు ఉన్నాయి, మా రాష్ట్రంలోనే డెల్టా అనే ఊళ్ళో వైటింగ్ ఫామ్స్ అని పేరుమోసిన ఫారం ఉంది. మంచి మెడతోలు ఒకటి వంద డాలర్లకు అటూ ఇటూ. రంగుని బట్టి పేరు, పేరుని బట్టి ధర. సంక్రాంతికి మా పెదనాన్న పుంజు ఈకలు దువ్వుతూ డేగా, కాకా, నెమలా అని పంచాంగం తీసేవాడు. ఆయన్ని ఈ షాపులో వదిలితే సాయంత్రం దాకా బయటికి రాడు. లెక్క వేస్తే నేను కట్టిన ఒక్కో ఫ్లై నాకు తొమ్మిది డాలర్లు పడింది. కడుతున్నాను ఇంకా. మిగలడానికి కాదు.

మిగతా సామాన్లకి పెద్దగా ఆలోచించక్కర్లేదు. కత్తిరించడానికి గోళ్ళ కట్టరు. కొక్కెం ఊడదియ్యడానికి సన్న మూతి ఫోర్సెప్సు, ఏడెనిమిది డాలర్లు. కొక్కెం ముల్లుని దాంతోనే నొక్కేస్తే చేపకీ మీ చెవికీ మంచిది. నా చెవికి ఒకసారి దిగింది కనక చెబుతున్నాను. పోలరైజ్డ్ కళ్ళద్దాలు మాత్రం మానొద్దు, నీళ్ళలోపల కనపడటం ఒక లాభం, కన్ను దక్కడం రెండోది. వేడర్లు, అంటే ఆ రొమ్ము దాకా వచ్చే రబ్బరు పంట్లాము, మొదటి వేసవిలో వద్దు. జూలై, ఆగస్టుల్లో నిక్కరుతో దిగొచ్చు. చలికాలంలో కూడా మానలేకపోతున్నారంటే అప్పుడు కొనండి. నేను రెండో అక్టోబరులో కొన్నాను. లైసెన్సు తప్పనిసరి, పదహారేళ్ళు నిండిన ఎవరికైనా. ఇక్కడ కాపురముండేవాళ్ళకి హ్యాబిటాట్ స్టాంపుతో (వన్యప్రాణుల ఆవాసాల కోసం కట్టే రుసుం) కలిపి ఏడాదికి యాభై డాలర్ల పైచిలుకు అయింది నాకు.

పోయిన ఏడాది అమ్మానాన్న వచ్చారు. ఆగస్టులో నాన్నకి ఒకరోజు లైసెన్సు తీసుకుని క్లియర్ క్రీక్‌కి తీసుకెళ్ళాను. చేపలు పట్టడానికి ప్రభుత్వానికి డబ్బు కట్టడమేంటని దారి పొడుగునా ఒకటే నస. ఆయన మోచేతికి పాత దెబ్బ ఉంది, తొమ్మిదడుగుల రాడ్డు పదే పదే ఊపలేడు. అందుకని ముందే ఒక టెంకారా రాడ్డు కొని ఉంచాను. జపాను కొండ ఏళ్ళలో వాడే పద్ధతి. రీలు ఉండదు. పన్నెండడుగుల టెలిస్కోపు కర్ర, కొసన దారం, దారానికి ఫ్లై, అంతే. నూట నలభై డాలర్లు.

చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. పిడి దగ్గర చూశాడు, కొస దాకా లాగాడు.

"రీలేదిరా?"

"దీనికి ఉండదు నాన్నా."

"మరి ఇది మన గాలమేగా?"

"ఆఁ."

"ఎంత పెట్టావు?"

నలభై అన్నాను.

నేను నెల రోజులు గడ్డి మీద నేర్చుకున్న ఆగడం ఆయనకి ఎవరూ చెప్పలేదు. మణికట్టుతో ఒక్క విదిలింపు, రాయి పక్క నురగ అంచున ఫ్లై దిగింది. కాలవగట్టున మట్టగిడస బొరియ ముందు ఎర్ర దింపినట్టే. నాలుగో విసురుకి చేప. ఆరంగుళాలుంటుందేమో. పొడి చేత్తో పట్టుకోబోతుంటే "చెయ్యి తడుపుకో నాన్నా, దాని ఒంటి మీద జిగురు పోతుంది" అన్నాను. "నువ్వు నాకు చెప్తావా" అన్నట్టు చూసి, తడుపుకున్నాడు. చుక్కల్ని కాసేపు చూశాడు. "పులుసుకి చాలదు" అని తనే నీళ్ళలో వదిలేశాడు. సాయంత్రం దాకా పదకొండు పట్టాడు. నాకు మూడు.

జనవరిలో వాళ్ళు వెళ్ళేముందు రోజు రాత్రి సూట్‌కేసులు తూకం వేస్తున్నాం. ఒకదాంట్లో, అమ్మ చీరల మధ్య, టెంకారా రాడ్డు. ముడిస్తే రెండడుగుల లోపే, వంద గ్రాములు కూడా తూగదు. కాలవలో మట్టగిడసల మీద వేసి చూస్తాడట. మిషను ఇరవై మూడు కిలోల నూట యాభై గ్రాములు చూపించింది. అమ్మ నాన్న వంక చూసింది. నాన్న చాక్లెట్ల ప్యాకెట్టొకటి తీసి నా చేతిలో పెట్టాడు.